కొన్నదాని ధర, తిన్నదాని ధర

సరుకుల బిల్లులో, చెల్లించవలసిన మొత్తానికి కిందుగా, ఇప్పుడు చాలా చోట్ల మరో పంక్తి కూడా అచ్చవుతోంది: ఈ కొనుగోలులో మీరు ఇంత ఆదా చేశారు అని. దగ్గరి బంధువు ఒకరు ఇటీవల మా ఇంటికి వచ్చినప్పుడు తన బిల్లు మీద ఉన్న ఆ అంకెను చూపించి, నెలసరి సరుకుల ఖర్చులో తాను దాదాపు నాలుగో వంతు మిగుల్చుకుంటున్నానని ఎంతో సంతోషంగా చెప్పారు. ఆయన శ్రమను నేను తక్కువ చేయను. ఏ వారం ఏ సరుకు ధర తగ్గుతుందో గుర్తు పెట్టుకుని, రెండు మూడు చోట్ల విచారించి, ఓపికగా కొనే మనిషి ఆయన. అయినా ఆయన వెళ్ళిపోయాక నేను ఆ అంకె గురించే చాలాసేపు ఆలోచించాను. దుకాణం తానే నిర్ణయించిన పాత ధరకూ, తానే తగ్గించిన కొత్త ధరకూ మధ్య ఉన్న తేడాను అది చెబుతోంది. ఆ సరుకు మన ఇంటికి అవసరమైనదేనా, ఇంటికి వచ్చాక అందులో ఎంత కడుపులోకి వెళ్ళింది, ఎంత చెత్తబుట్టలోకి వెళ్ళింది అన్నది ఆ బిల్లుకు తెలియదు, తెలిసే వీలూ లేదు.

సరుకుల మీద ఒక కుటుంబం చేసే ఆదాను కొన్న చోట కొలవకూడదని, వాడిన చోట కొలవాలని నా అభిప్రాయం. కొన్నదాని ధర ఒకటి, తిన్నదాని ధర మరొకటి. పదేళ్ళకు పైగా మా ఇంటి సరుకులు నేనే కొంటూ, మొదటి ధరను మాత్రమే చూస్తూ వచ్చాను కాబట్టి, ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉండగలదో కాస్త వివరంగానే చెప్పగలను.

ఇల్లు మారిన రోజు

కొన్నేళ్ళ క్రితం మేము ఇల్లు మారినప్పుడు సామాను మోయడానికి వచ్చిన వ్యక్తి, వంటగది నుంచి బయటికి వస్తున్న అట్టపెట్టెలను చూసి, "మీకు దుకాణం ఉందా అండీ?" అని అడిగాడు. వేళాకోళానికి అన్న మాట కాదది. పుస్తకాల పెట్టెల కంటే సరుకుల పెట్టెలు ఎక్కువగా ఉన్నాయి కాబట్టి, ఆ మనిషికి అలా తోచింది. ఆ రాత్రి కొత్త ఇంట్లో వాటిని విప్పి సర్దుతూ ఉంటే అడుగున ఉన్నవి ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ముక్కిపోయిన పిండి, గడ్డకట్టిన పొడులు, మూత తీయకుండానే గడువు దాటిన సీసాలు, వాసన మారిన నూనె. సబ్బులు మాత్రం ఏడాదికి పైగా సరిపడా ఉన్నాయి, అవి చెడిపోలేదు. పారేయవలసినవాటిని ఒక పక్కన పేర్చినప్పుడు నేను గమనించినదేమిటంటే, వాటిలో సగానికి పైగా ప్యాకెట్ల మీద తగ్గింపు చీటీలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

ప్రతి చీటీ దగ్గరా నేను గెలిచాననుకున్న ఒక సాయంత్రం ఉంది. కొనుగోలులో రెండు రకాల తృప్తి ఉంటుందని, వస్తువు వల్ల కలిగేది ఒకటైతే బేరం వల్ల కలిగేది మరొకటని ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1985లోనే వివరించాడు. బేరం బాగున్నదన్న తృప్తి దానంతట అదే ఎంత బలమైనదంటే, వస్తువుతో పని లేకపోయినా మనిషి చేత కొనిపించగలదు. నేను ఆ పెట్టెల్లో మోసుకొచ్చింది ఎక్కువగా ఆ రెండో తృప్తినే. "వెళ్ళే ముందు ఇంట్లో ఏముందో ఒకసారి చూసి వెళ్ళండి" అని నా భార్య ఎన్నోసార్లు చెప్పింది. ధరల సంగతి తెలియక అలా అంటోందని అనుకునేవాణ్ణి. ఆమెకు తెలిసిన లెక్క నాకు తెలియదని ఆ రాత్రి అర్థమైంది.

తగ్గింపుకు ఎదురు లెక్క

ఆ లెక్క చాలా చిన్నది. ఒక సరుకు మీద 20 శాతం ధర తగ్గిందని అనుకుందాం. ఆ తగ్గింపు కోసమని అవసరానికి మించి కొని, తెచ్చినదానిలో 20 శాతం పారేశామనుకుందాం. అప్పుడు నూటికి ఎనభై పెట్టి కొన్నదానిలో నూటికి ఎనభై వంతులే తిన్నాం. అంటే, తిన్న ప్రతి ముద్దకూ పూర్తి ధరే చెల్లించాం. ఏ తగ్గింపుకైనా ఇదే సూత్రం వర్తిస్తుంది: ఎంత శాతం తగ్గిందో అంత శాతం వృథా అయిన చోట ఆదా సున్నా అవుతుంది, అది దాటితే నష్టం మొదలవుతుంది. రెండు కొంటే మూడోది ఉచితమన్నప్పుడు మనకున్న హద్దు మూడో వంతు. ఒకటి కొంటే ఇంకొకటి ఉచితమన్నప్పుడు హద్దు సగం, కాబట్టి నిల్వ ఉండే సరుకైతే అది మంచి బేరమే. అదే ఆకుకూర కట్టలైతే రెండోది మూడో రోజుకు వడలిపోతుంది.

పారేయకపోయినా ఆదా కరిగిపోయే దారి ఇంకొకటి ఉంది. అరలో ఎక్కువ ఉన్న వస్తువును చేయి ధారాళంగా వాడుతుంది. పెద్ద సీసా నిండుగా ఉన్నంతకాలం నూనె పోసే చేతికి జంకు ఉండదు, సీసా అడుగుకు వచ్చినప్పుడే చెంచాలు గుర్తొస్తాయి. చిరుతిళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. రెండు ప్యాకెట్లు ఉంటే రెండూ ఆ వారమే అయిపోతాయి, పై వారం మళ్ళీ కొంటాం. మా ఇంట్లో పెద్ద సీసాలు కొన్న నెలల్లో నూనె ఖర్చు తగ్గకపోవడానికి కారణం ఏమిటని వెతికి వెతికి చివరికి నేను తేల్చుకున్నది ఇదే. ఇప్పుడు పెద్ద డబ్బా కొన్నా, దానిలోంచి చిన్న సీసాలోకి వంపుకుని, ఆ చిన్న సీసా ఎన్నాళ్ళు వచ్చిందో చూస్తున్నాం.

తూకానికి ధర చూడమని అందరూ చెప్పే సలహాను నేను కాదనడం లేదు. ప్యాకెట్టు ధరను పక్కన పెట్టి కిలోకో లీటరుకో ఎంత పడుతోందో చూడకపోతే, పరిమాణం తగ్గించి ధర అలాగే ఉంచిన ప్యాకెట్టును మనం గుర్తుపట్టలేం. ఈ పోలిక వినియోగదారుడికి అందుబాటులో ఉండాలనే ఐరోపా సమాఖ్య 1998లో ఆదేశం ఇచ్చి, అమ్మే ధరతో పాటు కిలో లేదా లీటరు ధర కూడా చూపించాలని నిర్దేశించింది. పరిమాణం తగ్గిన విషయాన్ని అరల దగ్గర తెలియజేయాలని ఫ్రాన్సు 2024 జూలై నుంచి పెద్ద దుకాణాలకు నిబంధన పెట్టింది. ఇవి మంచి ఏర్పాట్లే. అయితే అరల దగ్గర కనిపించే ధర ఎంత నిజాయితీగా ఉన్నా అది కొన్న కిలోకు ధర, తిన్న కిలోకు ధర కాదు. ఆ రెండో ధరను ఏ ప్రభుత్వమూ అచ్చు వేయించలేదు, దానిని ఇంట్లోనే లెక్క కట్టుకోవాలి.

పారేసినవాటి పద్దు

మేము లెక్క కట్టిన పద్ధతి చాలా మామూలుది. ఫ్రిజ్ మీద ఒక చిన్న నోటుపుస్తకం పెట్టి, తినదగిన వస్తువు దేనిని పారేసినా పేరు, సుమారు పరిమాణం, కారణం రాయాలని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. తొక్కలు, గింజలు, ఎముకలు లెక్కలోకి రావు. మూడు నెలల పాటు క్రమం తప్పకుండా రాశాం. ఎవరు పారేశారన్నది రాయకూడదని ముందే నియమం పెట్టుకున్నాం. అది నా భార్య పెట్టిన నియమం, ఆ పద్దు మూడు నెలలు నిలవడానికి అదే కారణమని ఇప్పటికీ నా నమ్మకం. పేరు రాయవలసి వస్తే పిల్లలు దాచి పారేసేవారు, నేనూ అలాగే చేసేవాణ్ణేమో.

ఎక్కువ కొనడమే ప్రధాన కారణంగా తేలుతుందని నేను ఊహించాను. ఇల్లు మారిన రాత్రి చూసిన దృశ్యం నా మనసులో ఉంది కాబట్టి అలా ఊహించడం సహజం. పద్దు మరో మాట చెప్పింది. కారణాల గడిలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించిన మాట "మరిచిపోయాం." ఫ్రిజ్ వెనక మూలకు వెళ్ళిన గిన్నె, కూరగాయల అరలో సంచి అడుగున పడిపోయిన నాలుగు కాయలు, సగం వాడి మడిచిపెట్టిన ప్యాకెట్టు. తరవాతి స్థానం "ఎక్కువ వండాం" అన్నదానిది. ఎక్కువ కొన్నందువల్ల పోయినవి మూడో స్థానంలో ఉన్నాయి. అంటే దుకాణంలో ఎంత జాగ్రత్తపడినా పట్టుకోలేని నష్టం మా ఇంట్లో ఎక్కువ భాగంగా ఉంది.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో దుకాణాలు, హోటళ్ళు, ఇళ్ళు కలిసి పారేసిన ఆహారం సుమారు 105 కోట్ల టన్నులు. అందులో దాదాపు 60 శాతం, అంటే 63 కోట్ల టన్నుల పైచిలుకు, ఇళ్ళలో పోయిందే. తలసరిన చూస్తే ఏడాదికి 79 కిలోలు, నలుగురున్న ఇంటికి 316 కిలోలు. ఈ అంకెలో తినడానికి పనికిరాని తొక్కలు, ఎముకలు కూడా కలిసే ఉన్నాయి కాబట్టి అదంతా మనం ఆదా చేసుకోగలిగినదని చెప్పడం తప్పు అవుతుంది. అయినా దుకాణాలన్నిటినీ, హోటళ్ళన్నిటినీ కలిపి చూసినా ఇళ్ళ వాటాయే పెద్దదన్న విషయం, ఆదా గురించి వినిపించే సలహాలన్నీ దుకాణం గుమ్మం దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాయన్న ప్రశ్నను మిగులుస్తుంది.

మరిచిపోవడానికి మందు మాత్రం చాలా చౌక. కొత్తగా తెచ్చినదాన్ని వెనక పెట్టి పాతదాన్ని ముందుకు జరపడం దుకాణాలవాళ్ళు రోజూ చేసే పని, ఇంట్లో మనం దానికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తాం. మిగిలిన వంటను లోపల ఏముందో కనిపించే గాజు గిన్నెల్లో పెట్టడం మొదలుపెట్టాక అవి వెనక మూలకు వెళ్ళడం తగ్గింది. పండుతున్న యాపిళ్ళు, అరటిపళ్ళు ఇథిలీన్ అనే వాయువును వదులుతాయి, పక్కన ఉన్న ఆకుకూరలూ కూరగాయలూ దాని వల్ల తొందరగా వాడిపోతాయి. ఆ రెండింటినీ వేరుచేసినందుకే మా ఇంట్లో ఆకుకూర ఒకటి రెండు రోజులు ఎక్కువ నిలుస్తోంది. గడువు తేదీల విషయంలో కూడా తేడా తెలుసుకోవాలి. ఫలానా తేదీలోగా వాడితే మేలు అని రాసినది నాణ్యతకు సంబంధించినది, ఆ తేదీ దాటిన మరునాడే వస్తువు విషమైపోదు. ఫలానా తేదీలోగా వాడి తీరాలి అని రాసినది భద్రతకు సంబంధించినది, దాని దగ్గర ఆదా మాట ఎత్తకూడదు. మొదటి రకాన్ని రెండో రకమనుకుని మేము చాలాకాలం మంచి వస్తువులనే పారేశాం.

చేతికి తెలియని బరువు

మనం అవసరానికి మించి కొనడం మన బలహీనత ఒక్కదాని వల్లే జరగలేదని కూడా చెప్పాలి. సరుకులను కొనేవారే స్వయంగా అరల నుంచి తీసుకునే దుకాణాన్ని క్లారెన్స్ సాండర్స్ 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో తెరిచాడు. అంతకు ముందు కావలసినదాన్ని నోటితో చెప్పి, బల్ల అవతలి మనిషి చేత తీయించుకోవాలి. అడగవలసి రావడమే ఒక అదుపు. ఆ తరవాత 1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే దుకాణదారు, చేతిబుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని గమనించి, చక్రాల బండిని ప్రవేశపెట్టాడు. ఫోనులో ఆర్డరు పెట్టే రోజుల్లో ఆ బండికి కూడా బరువు లేదు. వేలితో నొక్కిన ప్రతిసారీ అంకె పెరుగుతుంది, చేతికి ఏమీ తెలియదు. పైగా ఇంత మొత్తానికి కొంటే ఇంటికి చేర్చే ఖర్చు ఉండదని చెబుతారు కాబట్టి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి అంతకంటే ఎక్కువ విలువైన అక్కరలేని వస్తువును జత చేస్తాం. నేను ఇది ఒకసారి కాదు, చాలాసార్లు చేశాను. ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా ఆర్డరులో వస్తువులు చేర్చవచ్చు, ఆ రోజే పంపకూడదు. మరునాడు వంటగదిలో నిలబడి ఆ జాబితా చదివితే మూడు నాలుగు వస్తువులు తప్పకుండా తొలగిపోతాయి.

నా మాటకు వచ్చే అభ్యంతరాలు

వీటిలో బలమైనది పేద కుటుంబాల నుంచి వస్తుంది. ఆదాయం తగ్గేకొద్దీ ఖర్చులో ఆహారం వాటా పెరుగుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్న్‌స్ట్ ఎంగెల్ 1857లో చూపించాడు, ఆ మాట నేటికీ నిలిచే ఉంది. కాబట్టి ఈ ఆదా ఎవరికి ఎక్కువ అవసరమో చెప్పనక్కరలేదు. అయితే వృథా తగ్గించుకోమని నేను చెబుతున్న మాట, అసలు పారేయడానికి ఏమీ మిగలని ఇంటికి పనికిరాదు. ఏ పూటకు ఆ పూట చిన్న పొట్లాలు కొనుక్కునే కుటుంబం గింజ కూడా వృథా చేయకుండానే కిలోకు అందరికంటే ఎక్కువ ధర చెల్లిస్తుంది. పెద్ద సంచి చౌక అని వారికి తెలియక కాదు, ఒకేసారి అంత డబ్బు చేతిలో ఉండదు, పెట్టుకోవడానికి చోటూ ఉండదు. ఈ అభ్యంతరం ముందు నా వాదం సగమే నిలబడుతుందని ఒప్పుకుంటాను.

అయితే దీనికి ఒక పాత సమాధానం ఉంది. 1844 డిసెంబరులో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో 28 మంది, వారిలో కొందరు నేతపనివారు, తలా కొంత కూడబెట్టి ఒక చిన్న దుకాణం తెరిచారు. మొదట్లో వారి దగ్గర ఉన్నవి పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు వంటి నాలుగైదు సరుకులే. కల్తీ లేని సరుకు, సరైన తూకం, మిగులును కొనుగోళ్ళ ప్రకారం సభ్యులకే తిరిగి పంచడం వారి పద్ధతులు. విడివిడిగా ఎవరికీ అందని టోకు ధర కలిసి కొన్నప్పుడు అందరికీ అందింది. మేము అంత పని చేయలేదు గాని, పక్కింటివారితోనూ ఎదురింటివారితోనూ కలిసి నిల్వ ఉండే సరుకులు కొన్ని పెద్ద సంచులుగా తెచ్చి మూడు భాగాలు చేసుకుంటున్నాం. దీనితో పెద్ద సంచి ధరకు చిన్న పరిమాణం దొరుకుతోంది, పిండి ముక్కిపోయే లోపే అయిపోతోంది. మొదటి రెండు సార్లు తూకం దగ్గర కొంత ఇబ్బంది పడ్డాం. ఒకరు తూచి, మిగిలిన ఇద్దరు ముందుగా తమ భాగాలు ఎంచుకోవాలన్న పద్ధతి పెట్టుకున్నాక ఆ మాటే మళ్ళీ రాలేదు.

రెండో అభ్యంతరం నా భార్య లేవదీసింది. ఇన్ని జాగ్రత్తలకు పట్టే సమయం ఎవరిదని ఆమె అడిగింది. జీతమిచ్చి మరొకరి చేత చేయించుకోగల ఇంటిపని ఏదైనా ఉత్పత్తే అవుతుందని అమెరికన్ ఆర్థికవేత్త మార్గరెట్ రీడ్ 1934లోనే వాదించింది. అలా చూస్తే మిగిలిన వంటను మరో వంటగా మార్చడం, అరలు సర్దడం, గడువులు చూడటం అన్నీ పనులే. నేను దుకాణంలో ఆదా చేశానని చెప్పుకున్న పదేళ్ళూ ఆ పనులన్నీ ఆమె చేసింది, వాటికి ఏ బిల్లు అడుగునా పంక్తి లేదు. ఇంట్లో ఒకరి వెన్ను మీద నిలబడిన పొదుపును పొదుపు అనడానికి ఇప్పుడు నాకు మనసొప్పదు. అందుకే పద్దు చూడటం, ఫ్రిజ్ సర్దడం, వారానికి ఒక పూట మిగిలినవాటితోనే వంట చేయడం నా వంతుకు తీసుకున్నాను. వారానికి రెండు గంటలు పడుతున్నాయి. ఇదివరకు తగ్గింపుల కోసం తిరిగిన సమయం అంతకంటే ఎక్కువే.

నాకు ఇంకా తేలని సందేహం ఒకటి పిల్లల విషయంలో ఉంది. పద్దు మొదలుపెట్టిన కొత్తలో మా చిన్నవాడు కడుపు నిండాక కూడా కంచంలో ఉన్నది బలవంతాన తినడం గమనించాను. అడిగితే, పుస్తకంలో రాయవలసి వస్తుందని చెప్పాడు. ఆకలి లేకుండా తిన్నది కూడా వృథాయేనని, అది చెత్తబుట్టలో పడకపోవడం ఒక్కటే తేడా అని వాడికి చెప్పాను గాని, ఏడేళ్ళ పిల్లవాడికి ఆ మాట ఎంతవరకు అందిందో తెలియదు. ఆ రోజు నుంచి కంచాల్లో మిగిలినదాన్ని పద్దులో రాయడం మానేశాం. ముందే తక్కువ వడ్డించి, అడిగితే మళ్ళీ వేస్తున్నాం. దీనివల్ల లెక్క కొంత లోపభూయిష్టమైంది, అయినా అలాగే ఉండనిస్తున్నాను.

బంధువుకు ఈ మాటలన్నీ ఫోనులో చెప్పాను. ఆయన ఓపికగా విని, తన ఇంట్లో ఏమీ పారేయరని అన్నారు. నిజమే కావచ్చు, నేనూ ఇల్లు మారే రోజు వరకు అదే అన్నాను. ఒక నెల రాసి చూడమని అడిగితే సరేనన్నారు. మా పద్దులో గత నెల పదకొండు పంక్తులు ఉన్నాయి. మొదటి నెలలో అవి నలభై మూడు. ఆ పదకొండులో నాలుగు ఆకుకూరలవే. వాటిని వారానికి ఒకసారి కాకుండా రెండుసార్లు కొద్దికొద్దిగా తేవాలని అనుకున్నాం గాని, ఆ ఏర్పాటు ఇంకా కుదరలేదు.